కోత లేని ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్స: ఫోకల్ వన్ మిషన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి (నాన్న రిపోర్టులు ఉన్నాయి)

కావలి అమ్మాయి | సోమవారం, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. మా నాన్నకి 71 ఏళ్లు. ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. రెండేళ్లుగా రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తుంటే, "డ్రైవర్లకి ఇది మామూలేనమ్మా, బిగబట్టీ బిగబట్టీ అలవాటైపోయింది" అనేవారు. మేమూ నమ్మాం. మొన్న సంక్రాంతికి ఒంగోలు నుంచి వస్తుంటే సింగరాయకొండ దాటగానే బస్సు ఆపించుకుని దిగారు. పది నిమిషాలు నిలబడ్డా చుక్కలు చుక్కలుగానే వచ్చిందట. తన సర్వీసులో ప్రయాణికులకోసం బస్సు ఆపిన మనిషి, ఆ రోజు తనకోసం ఆపమని అడగాల్సి వచ్చిందని ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు.

వెంటనే పీఎస్ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) చేయించాం. 9.2 వచ్చింది. ఎంఆర్ఐలో ఒకచోట మచ్చ కనపడింది. బయాప్సీలో గ్లీసన్ (క్యాన్సర్ ఎంత గట్టి రకమో చెప్పే లెక్క) 3+4 అన్నారు. ఎముకల స్కాన్‌లో ఏమీ లేదు. ఒకచోట ఆపరేషన్ అన్నారు, ఇంకోచోట రేడియేషన్ అన్నారు. నాన్న "కొయ్యద్దు" అని ఒకటే మాట.

ఈలోపు అమెరికాలో ఉండే మా పెదనాన్న కొడుకు ఒక వార్త పంపాడు. ఫ్రాన్స్‌లో ఎడాప్ అనే కంపెనీ ఉందట, ఫోకల్ వన్ అనే మిషన్‌తో కోత లేకుండా ప్రొస్టేట్ క్యాన్సర్‌ని కాల్చేస్తుందట, అమెరికా ఆస్పత్రులు వరసగా కొంటున్నాయట. నాన్న అది చదివించుకుని "ఇది ఉండగా నన్నెందుకు కోస్తామంటున్నారు" అని అడుగుతున్నారు. నా దగ్గర సమాధానం లేదు. దయచేసి చెప్పండి.

మిషన్ సర్వీస్, ఒంగోలు | సోమవారం, రాత్రి 10:25
అక్కా, నేను ఆస్పత్రి పరికరాల సర్వీస్ ఇంజనీర్‌ని. ఈ కంపెనీ పేరు మా లైన్‌లో కొత్తది కాదు. 1979లో మొదలైంది, ఇప్పుడు లియాన్ దగ్గర వో-ఆన్-వెలాన్‌లో ఉంది. 1997 నుంచి అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయి ఉంది. చాలాకాలం వాళ్ల పేరు వినపడింది కిడ్నీలో రాళ్లు పొడి చేసే మిషన్ల వల్ల. మన ప్రకాశం వాళ్లకి రాళ్ల మిషన్ గురించి చెప్పక్కర్లేదు, ఇంటికొకరు పడుకుని లేచినవాళ్లే.

రాళ్ల మిషన్‌లో బయటనుంచి దెబ్బ తరంగం పంపి రాయిని పగలగొడతారు. ఇందులో శబ్దతరంగాన్నే ఒకేచోట కలిసేలా గురిపెట్టి వేడి పుట్టిస్తారు. చిన్నప్పుడు భూతద్దంతో ఎండని ఒక చుక్కమీదకి తెచ్చి కాగితం కాల్చేవాళ్లం చూడండి, అదే పద్ధతి. దారిలో ఉన్న కండకి ఏమీ కాదు, తరంగాలు కలిసేచోట మాత్రం 85 డిగ్రీల దాకా వేడెక్కి కణాలు చచ్చిపోతాయి. ఒక్కో షాట్‌కి కాలేది బియ్యపుగింజంత. అలా గింజ పక్కన గింజ పేర్చుకుంటూ పోతుంది మిషన్. దీన్ని హైఫూ అంటారు.

ప్రోబ్ పెట్టేది మలద్వారం నుంచి. దాని చుట్టూ బెలూన్‌లో చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది, పేగు గోడ వేడెక్కకుండా. ఈ చల్లదనం ఆగితే మిషన్ ఆగిపోవాలి. ఇలాంటి మిషన్ల సర్వీస్‌లో మేము మొదట చూసేది అదే.

డాక్టర్, దర్గామిట్ట | సోమవారం, రాత్రి 11:50
నేను నెల్లూరులో యూరాలజిస్ట్‌ని. పేషెంట్‌ని చూడకుండా ఇది చేయండి అని చెప్పను, చెప్పకూడదు. ఇంజనీర్ గారు మిషన్ గురించి చెప్పింది సరిగ్గా ఉంది. నేను జబ్బు వైపు నుంచి చెప్తాను.

ప్రొస్టేట్ అనేది మూత్రాశయం కింద, పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి. దాని మధ్యలోంచే మూత్రనాళం వెళ్తుంది. పక్కనే అంగస్తంభనకి కావాల్సిన నరాలు, కిందివైపు మూత్రాన్ని పట్టి ఉంచే కండరం. వెనక గోడ ఆనుకునే పేగు. ఇంత ఇరుకులో ఉంది కాబట్టే ఏ చికిత్స చేసినా భయం క్యాన్సర్ గురించి సగం, పక్కనున్నవాటి గురించి సగం. గ్రంథి మొత్తం తీసేస్తే కొందరికి మూత్రం కారడం, చాలామందికి దాంపత్య జీవితం దెబ్బతినడం ఉంటుంది. మచ్చ ఉన్న భాగాన్ని మాత్రమే కాల్చి మిగతాది వదిలేయగలిగితే ఆ ఇబ్బందులు తగ్గుతాయి. హైఫూ మీద ఆశ అంతా ఇక్కడే ఉంది, అది న్యాయమైన ఆశే.

అయితే "కోత లేదు" అన్నమాటని "ఏమీ ఉండదు" అని నాన్నగారు అనుకోకూడదు. మత్తు ఇస్తారు. గంట నుంచి రెండు గంటలు పడుతుంది. తర్వాత గ్రంథి వాస్తుంది కాబట్టి కొన్ని రోజులు యూరిన్ గొట్టం, సంచి ఉంటాయి. కొందరికి తర్వాత మూత్రనాళం సన్నబడుతుంది.

గ్లీసన్ 3+4 అంటే మధ్యస్థ రకం. రేపు పొద్దున్నే పరిగెత్తాల్సిన జబ్బు కాదు. రెండు మూడు వారాలు ఆలోచించుకోవడానికి మీకు టైం ఉంది, ఆ టైం వాడుకోండి.

ఇందుకూరుపేట రొయ్యల చెరువు | మంగళవారం, ఉదయం 6:15
అన్నా, డాక్టర్ గారూ, అక్కకి ముందు ధైర్యం. నాది వేరే ప్రశ్న, తప్పుగా అనుకోవద్దు. మా బామ్మర్ది విదేశీ షేర్లు కొంటాడు. ఈ కంపెనీ అమ్మకాలు బాగా పెరుగుతున్నాయి, కొందామా అంటున్నాడు. నిజంగా అంత పెరుగుతోందా?

న్యూజెర్సీ నెల్లూరోడు | మంగళవారం, ఉదయం 7:30
నేను ఇక్కడ ఆస్పత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, నాకు తెలిసింది చెప్తా. పెరుగుదల నిజం. కాకపోతే అది ఎలా వచ్చిందో చూస్తే కథ అర్థమవుతుంది.

అమెరికాలో హైఫూకి ఎఫ్‌డీఏ (మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) తలుపు తీసింది 2015లో. అక్టోబర్‌లో సోనాబ్లేట్ అనే మిషన్‌కి, నవంబర్‌లో ఎడాప్ వాళ్ల పాత మిషన్ అబ్లాథెర్మ్‌కి అనుమతి వచ్చింది. ఫోకల్ వన్‌కి 2018లో వచ్చింది. అయినా వెంటనే కొనలేదు ఎవరూ. ఎందుకంటే డబ్బులు ఎవరిస్తారు? ఇక్కడ ముసలివాళ్లకి ప్రభుత్వ బీమా మెడికేర్. ప్రొస్టేట్ పేషెంట్లు ఎక్కువమంది ఆ వయసువాళ్లే. 2021 జనవరి నుంచి హైఫూకి 55880 అని సొంత బిల్లింగ్ కోడ్ వచ్చింది. కోడ్ వచ్చిందంటే ఆస్పత్రి చేసిన ప్రతి కేసుకీ బిల్లు పెట్టుకోవచ్చు. అక్కణ్నుంచి కదిలింది వ్యాపారం. కెనడాలో ప్రొఫౌండ్ మెడికల్ అని ఇంకో కంపెనీ ఉంది, వాళ్ల టల్సా-ప్రో మిషన్ ఎంఆర్ఐ గదిలోనే, మూత్రనాళం లోపలనుంచి వేడి ఇస్తుంది. వాళ్లకి 2019లో అనుమతి వచ్చినా, సొంత కోడ్లు 2025 జనవరికి గానీ రాలేదు.

ఎడాప్ మొత్తం ఆదాయం 2023లో 6 కోట్ల యూరోలు దాటింది. అదే ఏడాది నష్టం కూడా ఉంది. అమ్మకాల బృందాలకి, ట్రైనింగ్‌కి, పరిశోధనకి పెడుతున్న ఖర్చు అలాంటిది. కొనమని గానీ వద్దని గానీ నేను చెప్పను.

మిషన్ సర్వీస్, ఒంగోలు | మంగళవారం, ఉదయం 8:05
దీనికి ఒక మాట కలుపుతా. మిషన్ ఒకసారి అమ్మితే కంపెనీ పని అయిపోదు. ప్రతి పేషెంట్‌కీ వాడి పారేసే సామాను కొనాలి, ఏటా సర్వీస్ కాంట్రాక్ట్ కట్టాలి. అందుకే కంపెనీవాళ్లు ఎన్ని మిషన్లు అమ్మామో ఎంత చెప్తారో, ఎన్ని కేసులు జరిగాయో అంత చెప్తారు. మిషన్ కొని ఖాళీగా పెట్టిన ఆస్పత్రి వాళ్లకీ నష్టమే. మన దగ్గర కొన్ని ఖరీదైన మిషన్లు గుడ్డ కప్పుకుని ఉండటం నేను కళ్లారా చూశాను. చేసే డాక్టర్ వేరే ఊరికి మారిపోతే అంతే. కాబట్టి అక్కా, మీరు ఎక్కడికి వెళ్లినా "ఈ మిషన్ ఉందా" అని కాదు, "పోయిన ఏడాది ఎన్ని చేశారు, చేసింది మీరేనా" అని అడగండి.

చీమకుర్తి | మంగళవారం, మధ్యాహ్నం 2:10
మా నాయన గురించి రాయాలా వద్దా అని పొద్దుటినుంచి ఆలోచిస్తున్నా. రాస్తున్నా.

గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. నడుంనొప్పి అంటే క్వారీ పనికి నడుంనొప్పి రాకేం అనుకున్నాం. ఏడాదిన్నర సూదిమందులు, బామ్‌లు, కట్లు. ఒక ఆర్‌ఎంపీ అయితే డిస్కు జారిందన్నాడు. చివరికి కాళ్లు పట్టు తప్పితే స్కాన్ తీశారు. వెన్నుపూసల నిండా పాకింది. పీఎస్ఏ 400 పైన. అప్పటికి ప్రొస్టేట్ అనే మాటే మా ఇంట్లో ఎవరం వినలేదు.

హార్మోన్ ఇంజెక్షన్లతో రెండేళ్లు బానే ఉన్నాడు, పొలం దాకా నడిచాడు. ఆ రెండేళ్లు ఇచ్చిన మందులకి నేను ఎప్పుడూ దండం పెడతా. కానీ ఆ దశలో ఫోకల్ వన్ కాదు, ప్రపంచంలో ఏ మిషన్ వచ్చినా మచ్చ ఒకచోట ఉంటేగా కాల్చేది. అక్కా, మీ నాన్నకి ఒకచోటే ఉంది, ఎముకలకి పాకలేదు. మీరు ఆపరేషనా రేడియేషనా మిషనా అని ఎంచుకునే స్థితిలో ఉన్నారు. మా నాయనకి ఆ పరిస్థితి లేదు.

కావలి అమ్మాయి | మంగళవారం, రాత్రి 8:30
చీమకుర్తి అన్నా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని "ఆ అబ్బాయికి నా నమస్కారం చెప్పు" అన్నారు.

ఇంకో విషయం. నిన్న రాత్రి ఇంటర్నెట్‌లో వెతుకుతూ ఒక ఫారం నింపాను. పొద్దున్నుంచి ఆరు ఫోన్లు. "ఒక్కరోజులో ఇంటికి, క్యాన్సర్ పూర్తిగా మాయం, ఈ వారం బుక్ చేస్తే తగ్గింపు" అంటున్నారు. రిపోర్టులు అడగకుండానే అడ్వాన్స్ అడిగారు. ఏ మిషన్ అంటే చెప్పలేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

డాక్టర్, దర్గామిట్ట | మంగళవారం, రాత్రి 10:45
ఆ నంబర్లు బ్లాక్ చేయండి. బయాప్సీ కాగితం చూడకుండా ధర చెప్పినవాడితో మాట్లాడాల్సిన పని లేదు.

"పూర్తిగా మాయం" అన్నమాట విన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అమెరికా ఎఫ్‌డీఏ ఈ హైఫూ మిషన్లకి 2015లో అనుమతి ఇచ్చింది "ప్రొస్టేట్ కణజాలాన్ని నాశనం చేయడానికి" అని. క్యాన్సర్ నయం చేస్తుందని కాదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. కండ కాలుతుందని రుజువు చేయడం వారాల పని. మనిషి పదిహేనేళ్లు బాగున్నాడని రుజువు చేయాలంటే పదిహేనేళ్లు ఆగాలి.

ఆగి చూసిన రుజువు ఎలా ఉంటుందో చెప్తా. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో 1643 మందిని చీటీ తీసినట్టు మూడు గుంపులు చేశారు: ఆపరేషన్, రేడియేషన్, జాగ్రత్తగా గమనిస్తూ ఉండటం. 2023లో పదిహేనేళ్ల ఫలితాలు వచ్చాయి. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయింది మొత్తం 45 మంది, అంటే 2.7 శాతం. మూడు గుంపులకీ దాదాపు ఒకటే. గమనిస్తూ ఉన్న గుంపులో జబ్బు బయటికి పాకడం మాత్రం దాదాపు రెట్టింపు: 9.4 శాతం, మిగతా రెండింటిలో 5 అటూఇటూ. ఈ లెక్క చూపిస్తే నా పేషెంట్లలో చాలామంది భయం సగానికి తగ్గుతుంది.

హైఫూకి ఫ్రాన్స్‌లో హైఫీ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 46 కేంద్రాలు, 3328 మంది. 2025లో ప్రచురించారు. 30 నెలలకి, ఇంకో చికిత్స అవసరం పడనివాళ్లు హైఫూలో సుమారు 90 శాతం, ఆపరేషన్‌లో సుమారు 86. మూత్రం అదుపు, దాంపత్యం విషయాల్లో హైఫూవాళ్లు మెరుగ్గా ఉన్నారు. అది మంచి వార్త, నేను సంతోషించాను కూడా. కానీ అందులో చీటీ తీయలేదు. హైఫూ చేయించుకున్నవాళ్లు సగటున పదేళ్లు పెద్దవాళ్లు. 30 నెలలు ఈ జబ్బుకి చిన్న కాలం.

మూలాపేట తాత | బుధవారం, ఉదయం 5:20
అమ్మాయ్, నేను 2019లో ఆపరేషన్ చేయించుకున్నాను. రోబోతో చేశారు చెన్నైలో. ఇప్పుడు 74. మీ నాన్నకి నా మాటగా చెప్పు.

మొదటి మూడు నెలలు కష్టం. గొట్టం తీసిన రోజు తుమ్మితే పంచె తడిసింది. పెళ్లిళ్లకి పోవడం మానేశాను. రోజుకి నాలుగు ప్యాడ్‌లు, తర్వాత రెండు, ఆర్నెల్లకి ఒకటి. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన బిగింపు వ్యాయామం, రంగనాథస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ కూడా చేసేవాణ్ని. ఏడాదికి పూర్తిగా పోయింది. దాంపత్యం సంగతి తిరిగి రాలేదు. దాని గురించి డాక్టర్ ముందే చెప్పాడు, మా ఆవిడని కూడా కూర్చోబెట్టి చెప్పాడు. అందుకని మా మధ్య మాట రాలేదు.

ఇప్పుడు పీఎస్ఏ దాదాపు సున్నా. ప్రతి ఆరునెలలకీ ఆ కాగితం వచ్చినప్పుడు నాకు నిద్ర పడుతుంది. మిషన్‌తో చేస్తే మిగతా గ్రంథి ఉంటుంది కాబట్టి పీఎస్ఏ సున్నాకి రాదట, మళ్లీమళ్లీ ఎంఆర్ఐలు, బయాప్సీలు చేయించుకోవాలట. అది భరించగలిగిన మనసైతే సరే. మీ నాన్న ఎలాంటివాడో నీకు తెలుసు.

పాలసీ పొదిలి | బుధవారం, ఉదయం 9:00
ఆరోగ్య బీమా ఏజెంట్‌ని. 2019లో బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొన్ని ఆధునిక చికిత్సల జాబితా ఇచ్చి, వీటిని పాలసీ బయట పెట్టకూడదని కంపెనీలకి చెప్పింది. అందులో హైఫూ ఉంది, రోబో సర్జరీ ఉంది, ప్రొస్టేట్‌కి లేజర్ కూడా ఉంది. కాకపోతే వీటికి లోపల విడిగా పరిమితి పెట్టుకోవచ్చు. అయిదు లక్షల పాలసీ అయినా ఈ చికిత్సకి అందులో కొంత భాగమే ఇస్తామని రాసి ఉండొచ్చు. పాలసీ పుస్తకంలో ‘ఆధునిక చికిత్సలు’ అనే పేజీ ఫొటో తీసి పెట్టండి అక్కా, చూసి చెప్తా. ఫోన్‌లో అడిగితే "కవరవుతుంది సార్" అంటారు. మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

పెన్నా ఒడ్డు | బుధవారం, సాయంత్రం 4:40
రిటైర్డ్ జువాలజీ లెక్చరర్‌ని. చర్చ చాలా బాగా నడుస్తోంది. ఒకటి అడగాలనుంది డాక్టర్ గారిని: ఫోకల్ వన్ ఎవరికి పనికిరాదు? కంపెనీలు ఎవరికి పనికొస్తుందో చెప్తాయి, ఇది చెప్పవు.

డాక్టర్, దర్గామిట్ట | బుధవారం, రాత్రి 11:15
అసలు ప్రశ్న ఇదే మాష్టారూ.

తరంగం పేగు వైపునుంచి వెళ్తుంది కాబట్టి దానికి చేరగలిగే దూరం ఇంత అని ఉంటుంది. గ్రంథి బాగా పెరిగి ఉంటే ముందుభాగం అందదు. మచ్చ ముందువైపు ఉంటే కష్టం. గ్రంథి లోపల సున్నపు గట్టిదనం ఉంటే తరంగం అక్కడ తగిలి చెదిరిపోతుంది, వేడి గురి తప్పుతుంది. ఎంఆర్ఐలో ఒకటే మచ్చ కనిపించినా బయాప్సీలో రెండువైపులా క్యాన్సర్ ఉంటే, ఒకవైపు కాల్చి ఏం లాభం. గ్లీసన్ 4+4, 4+5 లాంటి గట్టి రకాలకి దీన్ని మొదటి చికిత్సగా నేను ఒప్పుకోను. మరీ నెమ్మది రకం 3+3 అయితే చాలామందికి ఏ చికిత్సా అక్కర్లేదు, గమనిస్తే చాలు. అలాంటివాళ్లని మిషన్ మీద పడుకోబెడితే లెక్కల్లో ఫలితాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, ఎందుకంటే వాళ్లకి ఏమీ చేయకపోయినా బాగానే ఉండేవాళ్లు.

కావలి అమ్మాయి గారూ, ఎంఆర్ఐ రిపోర్టులో మూడు విషయాలు చూడండి: గ్రంథి సైజు ఎన్ని సీసీలు, మచ్చ ముందా వెనకా, క్యాల్సిఫికేషన్ (అదే సున్నపు గట్టిదనం) అన్నమాట ఉందా.

కావలి అమ్మాయి | గురువారం, ఉదయం 7:10
64 సీసీ. మచ్చ ముందువైపు, ఎడమ. క్యాల్సిఫికేషన్ "ఉంది" అని రాశారు.

డాక్టర్, దర్గామిట్ట | గురువారం, ఉదయం 7:55
అర్థమైంది కదమ్మా. ఇంకో నిపుణుడికి చూపించండి. నా మాట ఒక్కటే పట్టుకోవద్దు.

కావలి అమ్మాయి | పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 9:20
అందరికీ చెప్పాల్సిన బాధ్యత ఉంది కాబట్టి రాస్తున్నా. పినాకిని రైల్లో చెన్నై వెళ్లొచ్చాం. అక్కడ యూరాలజిస్ట్‌నీ, రేడియేషన్ డాక్టర్‌నీ ఒకే రోజు కలిశాం. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లాను. హైఫూ గురించి నేను అడగకముందే నాన్న అడిగారు: "సార్, శబ్దంతో కాల్చే మిషన్ ఉందట కదా, నాకు పెట్టరా?" అని. యూరాలజిస్ట్ విసుక్కోలేదు. ఎంఆర్ఐ తెరమీద పెట్టి, గ్రంథి చూపించి, మచ్చ చూపించి, మధ్యలో నల్లగా ఉన్న సున్నపు గీతలు చూపించి, "తరంగం ఇటునుంచి రావాలి తాతా, ఇదిగో ఈ గోడ అడ్డం ఉంది" అన్నారు. నాన్న కాసేపు తెర వంకే చూసి "రోడ్డు బాగాలేనిచోటికి బండి పోదు" అన్నారు. అంతే, ఆ తర్వాత మిషన్ మాట ఎత్తలేదు.

గుండెకి రెండు స్టెంట్లు ఉన్నాయి కాబట్టి ఆపరేషన్ కన్నా రేడియేషన్ మంచిదన్నారు. ముందులాగా ఏడెనిమిది వారాలు తిరగక్కర్లేదట. బ్రిటన్‌లో చేసిన చిప్ అనే అధ్యయనం 2016లో వచ్చాక, 37 సార్లకి బదులు 20 సార్లతో ఇస్తున్నారట. కొన్ని నెలలు హార్మోన్ ఇంజెక్షన్ కూడా. మూత్రం ధార కోసం ముందు మాత్రలు మొదలుపెట్టారు, రాత్రి లేవడం రెండుసార్లకి తగ్గింది.

చీమకుర్తి | అదే రాత్రి, 9:50
చాలా సంతోషం అక్కా. 20 సార్లకి ఎక్కడ ఉంటారు? చెన్నైలోనా?

కావలి అమ్మాయి | అదే రాత్రి, 10:05
మా చిన్నత్త వాళ్లు పెరంబూర్‌లో ఉంటారు, వాళ్లింట్లో. సోమవారం మొదలు. రైల్లో కింది బెర్తే దొరికింది, బాత్రూమ్ దగ్గరది కావాలని నాన్నే అడిగి తీసుకున్నారు.

ఇందుకూరుపేట రొయ్యల చెరువు | అదే రాత్రి, 10:30
అక్కా, మా నాన్నకి 66. నిన్న నెల్లూరులో పీఎస్ఏ చేయించాను. 1.8 వచ్చింది.